పెన్నీ ఖర్చు పెట్టాలన్న అవ్వ

పోయిన నెల సెలవు పెట్టి కర్నూలు వచ్చినప్పుడు మా పిన్ని కూతురు, దాంతో పాటు ఇంకో ఇద్దరు నర్సింగ్ పిల్లలు ఇంటికొచ్చినారు, ముగ్గురూ ఓఈటీకి, అంటే బయటి దేశాల్లో పని చెయ్యాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటి వాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్షకి చదువుతున్నారు. "అక్కా, ఇడియమ్స్ లిస్ట్ ఏదైనా ఉంటే వాట్సాప్ చెయ్యి, బట్టీ పట్టేస్తాం" అన్నారు. లిస్టులకేం, పీస్ ఆఫ్ కేక్ అంటే నల్లేరు మీద బండి నడక, వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే ఏ పుష్కరానికో ఒకసారి, ఇట్లాంటివి నెట్లో బోలెడు. నర్సుగా వార్డులో నాకు అవి పనికొచ్చిన గుర్తు లేదు. పనికొచ్చేవి వేరే ఉన్నాయి, వాళ్ళకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

నేనుండేది న్యూకాసిల్‌లో, ఇంగ్లండ్‌లో బాగా ఉత్తరాన, డ్యూటీ ముసలోళ్ళ వార్డులో. పోయిన కొత్తలో, చలికాలం, నైట్ డ్యూటీ, ఎనభై దాటిన ఒక అవ్వ నన్ను పిలిచి "ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, పెట్" అనింది. పెట్ అంటే ఆ ఊర్లో మనం అమ్మా, తల్లీ అన్నట్టు. పెన్నీ అంటే డబ్బులే కదా అనుకున్నా, పాపం బిల్లు గురించి దిగులు పడుతోందేమో అని "ఇక్కడ ఏమీ కట్టనక్కర్లేదు, పడుకోండి" అని దుప్పటి సర్ది పక్క బెడ్డుకి పోయినా. కాసేపటికి తిరిగొస్తే పక్కంతా తడిసిపోయింది, ఆమె గోడ వైపు తిరిగి ఏడుస్తోంది, పైగా ఆమే నాకు సారీ చెప్తోంది. షీట్లు మార్చినా, గౌను మార్చినా, చెయ్యి పట్టుకుని కూర్చున్నా, కానీ ఆ సారీ మాత్రం నేను ఇంకా మర్చిపోలేదు.

ఒకప్పుడు బ్రిటన్‌లో పబ్లిక్ టాయిలెట్ తలుపు తెరుచుకోవాలంటే తాళంలో పెన్నీ నాణెం వెయ్యాల్సి వచ్చేది, 1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన టాయిలెట్లకి కూడా పెన్నీయే తీసుకున్నారు, స్పెండ్ ఎ పెన్నీ అంటే ఒంటికి పోవడం అని ఆ మాట అట్లా ఉండిపోయింది. మన దగ్గర మాత్రం నేరుగా అంటామా, ఒంటికి పోవాల, రెంటికి పోవాల అంటాం. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో వచ్చిన పెద్దాయన "ఒంటికొస్తాంది తల్లీ" అంటే తెలుగు రాని నర్సుకి ఏం అర్థమవుతుంది చెప్పండి. వాటర్‌వర్క్స్ అన్నా అంతే, "ట్రబుల్ విత్ మై వాటర్‌వర్క్స్" అంటే మున్సిపాలిటీ నీళ్ళు కాదు, మూత్రం సమస్య.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది సిక్ అనే చిన్న మాటతో. మనం సిక్ అంటే జ్వరమో సుస్తీయో అనుకుంటాం. అక్కడ "ఐ ఫీల్ సిక్" అంటే ఎక్కువగా కడుపులో దేవుతోంది అని, "షీ హ్యాజ్ బీన్ సిక్ ట్వైస్" అంటే రెండుసార్లు వాంతి అయ్యింది అని. అది తెలియకపోతే చార్టులో వాంతులే ఎక్కవు, డాక్టర్ ఆ చార్ట్ చూసే కదా సెలైన్ సంగతి తేల్చేది.

పిన్స్ అండ్ నీడిల్స్ అంటే తిమ్మిరి. చేతికి ప్లాస్టర్ కట్టిన మనిషి ఆ మాట అన్నాడంటే వేళ్ళ రంగు చూడాలి, చల్లబడ్డాయా చూడాలి, కదుపుతున్నాడా చూడాలి, కట్టు బిగుసుకుని నరం నొక్కుకుంటోందేమో వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. సూదులు ఎక్కడున్నాయని బెడ్డు మీద వెతుక్కునే టైమ్ కాదు అది.

ఇంకోటి, లిస్టుల్లో కిక్ ద బకెట్ అంటే చనిపోవడం అని రాసి వదిలేస్తారు, ఎక్కడ అనకూడదో రాయరు, నాకు దాని మీదే కోపం. టపా కట్టేశాడు అని పోయినాయన కొడుకు ముందర మనం అంటామా, కాలం చేశారు అంటాం. అక్కడ కూడా పాస్డ్ అవే అంటారు. మీరు ఆ బకెట్ మాట అర్థం చేసుకోండి చాలు, నోటితో అనొద్దు అని పిల్లలకి గట్టిగా చెప్పినా.

నొప్పి విషయంలో ఆ ముసలోళ్ళు అచ్చం మా నాయన లెక్కనే. "మస్ట్‌న్ట్ గ్రంబుల్" అంటారు, ఏం లేదులే బాగుండాను అన్నట్టు, మొహం చూస్తే చెమట పట్టి ఉంటుంది. అందుకే సున్నా నుంచి పది లోపల నొప్పి ఎంత అని నంబర్ అడుగుతాను, చాలాసార్లు ఏడో ఎనిమిదో వస్తుంది.

"మరి అర్థం కాకపోతే ఏం చెయ్యాలక్కా, మార్కులు పోవా" అనింది మా పిన్ని కూతురు. అడుగు, "వాట్ డు యూ మీన్ బై దట్" అని మెల్లగా అడుగు, ఓఈటీలో నర్సు, పేషెంట్ లెక్కన మాట్లాడించే రోల్‌ప్లేలోనూ అడుగు, వార్డులోనూ అడుగు, ఆ రాత్రి నేను అడగలేదు అన్నా.

ఇదంతా మంచం మీద నుంచి వింటున్న మా జేజి "నా అరికాళ్ళు ఎప్పుడూ జివ్వుజివ్వుమంటాండాయి, దానికి ఇంగ్లీషులో ఏమంటారే" అనింది. ముగ్గురూ ఒకేసారి పిన్స్ అండ్ నీడిల్స్ అన్నారు, అంతలోనే మా పిన్ని కూతురు పుస్తకం పక్కన పెట్టి లేచి పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని "షుగర్ ఎప్పుడు చూపించుకున్నావు జేజీ" అని అడిగింది.