మేడ మీద బకెట్, ప్లూటో చందమామ

మేడ మీద ఏళ్లుగా పడి ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ని మొన్న ఎత్తబోతే అంచు అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. ఎండలోని అల్ట్రావయొలెట్ ప్లాస్టిక్ అణువుల బంధాలను తెంపేస్తుంది కదా, దాని పుణ్యమే. రేడియేషన్ అంటే మనకి ఇదే లెక్క, పాడుచేసేది అని. అలాంటిది నక్షత్రాల మధ్య అదే రేడియేషన్, ప్రొటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలకి దారి తీయగలదని చదివితే మొదట సగమే నమ్మాను.

అక్కడి ధూళి మేఘాల్లో ఒక్కో రేణువు మీద నీళ్లు, మిథనాల్, అమ్మోనియా, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి పలచగా గడ్డకట్టి ఉంటాయి. నక్షత్రాల వెలుతురు చొరబడని లోపలికి కూడా కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో మహా వేగంగా దూసుకెళ్లే కణాలు, దూరిపోయి, హైడ్రోజన్‌ని కదిలించి, అక్కడికక్కడే అల్ట్రావయొలెట్ పుట్టిస్తాయి. దాంతో మంచులో బంధాలు తెగుతాయి. తెగిన ముక్కలు ఊరుకోవు, దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలని చూస్తాయి, కానీ ఆ చలికి చాలావరకు కదల్లేక ఉన్నచోటే ఇరుక్కుపోతాయి. కాస్త వేడి తగిలిందా, ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. అంటే విరగ్గొట్టడం రేడియేషన్ వంతు, అతికించడం వేడి వంతు.

2002లో రెండు బృందాలు, ఒకటి నాసా ఏమ్స్‌లో, ఒకటి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, దీన్ని ల్యాబ్‌లో చేసి చూపించాయి. లైడెన్ వాళ్లు మైనస్ 261 డిగ్రీల దగ్గర మంచు పొర పేర్చి, అల్ట్రావయొలెట్ దీపం కింద ఉంచి, తర్వాత మెల్లగా వేడెక్కనిచ్చారు. మంచంతా ఎగిరిపోయాక అడుగున మరక లాంటిది మిగిలింది. అందులో 16 అమైనో ఆమ్లాలు! మన చేతి మురికి కలిసిందేమో అన్న అనుమానం రాకుండా ముందే కార్బన్-13 వాడారు, అంటే మామూలుగా అరుదుగా ఉండే బరువైన రకం కార్బన్. అయితే ఒక మెలిక ఉంది: ఆ మరకని యాసిడ్‌లో వేడి చేశాకే అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. అంతరిక్షంలో వండి వడ్డించి సిద్ధంగా ఉన్నాయని చెప్పే వీడియోలు ఈ ముక్క మింగేస్తాయి, అదే నాకు ఒళ్లుమంట.

ఇలాంటి వంట ల్యాబ్ బయట కూడా కనిపిస్తుంది. 2015లో నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్ పంపిన ఫొటోల్లో ప్లూటో చందమామ కేరన్ ఉత్తర ధ్రువం ఎర్రగా ఉంటుంది. ప్లూటో నుంచి జారిపోయిన మీథేన్ అక్కడ వందేళ్లు దాటే చలికాలంలో గడ్డకట్టి, అల్ట్రావయొలెట్ తగిలి, ఎండొచ్చినా ఎగిరిపోని బరువైన పదార్థంగా మారుతుందని అంచనా.

ఈ ఎర్రటి జిగురు సరుకుకి 1979లో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్, బెనారస్ హిందూ యూనివర్సిటీలో చదివిన బిషున్ ఖరే కలిసి 'థోలిన్' అని పేరు పెట్టారు. మొదట 'స్టార్ టార్' అందామనుకున్నారట, అంటే నక్షత్రాల తారు. నాకైతే అదే బాగుంది.