నూటికి మూడున్నర రూపాయల వడ్డీ

2023 జూన్‌లో ఒక ఉదయం, ఎనిమిది కూడా కాకముందే, ఉరవకొండ దగ్గరి మా ఊరి నుంచి తొలి బస్సెక్కి మా నాన్న అనంతపురంలోని మా ఇంటికి వచ్చారు. చేతిసంచిలో, తువ్వాలులో చుట్టి, మా అమ్మ గాజులు నాలుగు తెచ్చారు. “కేసు పెట్టినారంట గదమ్మా, రేపే నిన్ను పట్టుకపోతారంట. ఇవి కుదువబెట్టి ముందు ఆ బాకీ కట్టేయ్” అన్నారు. ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఎవరో ఆయనకు ఫోన్ చేసి, మీ అమ్మాయి క్రెడిట్ కార్డు డబ్బు ఎగ్గొట్టిందని, అరెస్టు వారంటు సిద్ధమైందని చెప్పారట. ఆ గాజులు తీసిచ్చిన మా అమ్మకు గుండె ఆపరేషన్ జరిగి అప్పటికి ఐదు నెలలే అయింది. ఆ బాకీ అయింది కూడా ఆ ఆపరేషన్ కోసమే. ఈ మాట నేను ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. బెంగళూరులో ఆసుపత్రి బిల్లు కట్టవలసి వచ్చినప్పుడు చేతిలో ఉన్న డబ్బు చాలక, మిగిలిన 92,000 రూపాయలు కార్డు మీద కట్టాను. మా జిల్లాలో ఎవరైనా అప్పు తీసుకునే ముందు అడిగే మొదటి ప్రశ్న “నూటికి ఎంత?” అన్నదే. రూపాయి వడ్డీ అంటే ధర్మం, రెండు రూపాయలంటే మామూలు, మూడు దాటితే పెద్దలు వద్దని వారిస్తారు. నా కార్డు కాగితాల్లో సన్నని అక్షరాలతో రాసిన నెలకు 3.5 శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అని, మా వీధిలో ఎవరైనా ఆ రేటు చెబితే గడప కూడా దాటనిచ్చేవాళ్లం కాదని నాకు ఆ సమయంలో తోచలేదు. 92,000 మీద నెల వడ్డీ 3,220 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ సుమారు 580, మొత్తం 3,800. బిల్లులో కనీస మొత్తంగా చూపిన 5 శాతం, అంటే 4,600 రూపాయలు కడితే, అసలులో తరిగేది 800 రూపాయలే. పాత బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే దానికీ వడ్డీ నడుస్తుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది కాబట్టి, ఆ హద్దు కూడా ఇప్పుడు లేదు.

ఆ వేసవిలో కళాశాల సెలవుల జీతం ఆపింది. రెండు నెలలు కట్టలేకపోయాను. ఫోన్లు మొదలయ్యాయి.

మొదట మర్యాదగానే మాట్లాడారు. రెండో వారం నుంచి ఉదయం 6.40కి ఒకసారి, రాత్రి పదికి ఒకసారి, రోజుకో కొత్త నంబరు నుంచి చేసేవారు. నేను కార్డుకు దరఖాస్తు చేసినప్పుడు రాసిచ్చిన మా నాన్న నంబరుకూ కళాశాల నంబరుకూ చేశారు. మా బావగారి నంబరు వాళ్లకు ఎలా దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చి, నేను లేనప్పుడు, పక్కింటి ఆవిడను పిలిచి నా బాకీ ఎంతో వీధి వినేలా చెప్పి వెళ్లారు. అప్పు తీర్చడం నా బాధ్యత, దాన్ని నేను ఏనాడూ కాదనలేదు. కానీ వాళ్లు వసూలు చేయాలనుకున్నది మా నాన్న భయాన్ని, మా అత్తగారింట్లో నాకున్న మర్యాదను. ఈ రెండూ నేను ఏ బ్యాంకుకూ తాకట్టు పెట్టలేదు.

గాజులు నాన్న చేతికే తిరిగి ఇచ్చి, ఆ రోజే ఆయనను వెంటబెట్టుకొని కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అక్కడి న్యాయవాది నా వాట్సాప్‌కు వచ్చిన ‘వారంటు’ను చూసి, దాని మీద కేసు నంబరు లేదని, ఏ కోర్టు పేరూ లేదని మా నాన్నకే చూపించారు. డబ్బు లేక కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారమని, బ్యాంకు కోర్టుకు వెళ్లి డిక్రీ, అంటే బాకీ కట్టమన్న కోర్టు ఆదేశం, తెచ్చుకోవచ్చు గానీ పోలీసులు వచ్చి పట్టుకుపోయే విషయం కాదని ఆయన నెమ్మదిగా, రెండుసార్లు చెప్పారు. నాన్న ముఖం అప్పటికి గానీ తేటపడలేదు. ఒక్క విషయంలో మాత్రం న్యాయవాది గట్టిగా హెచ్చరించారు. వసూలు మనిషి నన్ను అడుగుతున్న పోస్ట్‌డేటెడ్ చెక్కు, అంటే రాబోయే తేదీ వేసిన చెక్కు, ఇవ్వవద్దన్నారు, ఎందుకంటే ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కి వచ్చి, నోటీసు ఇచ్చాక కూడా గడువులో ఆ డబ్బు కట్టకపోతే, చెక్కులకు సంబంధించిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద అది నేరమవుతుంది. లోక్ అదాలత్ నుంచి నోటీసు వస్తే భయపడనవసరం లేదని, అది రాజీకి పిలుపేనని కూడా చెప్పారు.

ఆయన సలహా మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, సమయం, నంబరు, అన్న మాట, అన్నీ రాశాను. పదకొండు రోజుల్లో నలభై మూడు ఫోన్లు వచ్చాయి. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బాకీ వసూలుకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదు. బాకీదారును నలుగురిలో అవమానించకూడదు, కుటుంబ సభ్యులనూ స్నేహితులనూ వేధించకూడదు. వసూలు మనుషులు చేసిన పనికి బ్యాంకే బాధ్యత వహించాలి. ఇవన్నీ ఉదహరిస్తూ, నోటుపుస్తకం పేజీల ఫొటోలు జతచేసి, బ్యాంకు ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాశాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళతానని చివర రాశాను. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, 14448 నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు. నా విషయంలో అంత దూరం వెళ్లవలసిన అవసరం రాలేదు. పంతొమ్మిదో రోజున క్షమాపణతో జవాబు వచ్చింది, ఇంటికి ఫోన్లు ఆగాయి.

ఈలోగా ఒక మనిషి, సగం కడితే ‘సెటిల్’ చేస్తానని, డబ్బు తన సొంత యూపీఐ నంబరుకు వెంటనే పంపమని అడిగాడు. బ్యాంకు ఈమెయిల్ నుంచి ఉత్తరం పంపించండి, డబ్బు కార్డు ఖాతాలోనే కడతాను అన్నాను. ఉత్తరం రాలేదు. నిజంగా బ్యాంకే అలా రాజీకి ఒప్పుకున్నా, మన అప్పుల చరిత్రను చూపే సిబిల్ నివేదికలో ఆ ఖాతా, పూర్తిగా తీరినట్టు ‘క్లోజ్డ్’ అని కాక, తక్కువకు రాజీపడినట్టు ‘సెటిల్డ్’ అని పడుతుంది. తరువాత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట అడ్డం వస్తుంది. అందుకే బాకీ మొత్తాన్ని వాయిదాలుగా మార్చమని రాతపూర్వకంగా అడిగాను. అప్పటికి తేలిన 1,08,000 రూపాయలకు ఏడాదికి 18 శాతం, అంటే నూటికి రూపాయిన్నర వడ్డీ వేసి, 24 నెలల పాటు నెలకు సుమారు 5,400 కట్టేలా, వడ్డీ మీద జీఎస్‌టీ విడిగా, బ్యాంకు ఒప్పుకుంది. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాను. 2025 నవంబరులో బాకీ లేదన్న పత్రం చేతికొచ్చింది. నాన్న దాన్ని ఊరికి తీసుకెళ్లి పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టారు.

మా కళాశాలలో ఇంగ్లీషు చెప్పే ఆవిడకు ఇప్పుడు అవే ఫోన్లు వస్తున్నాయి. మొన్న ఆమె ఫోన్ పట్టుకుని స్టాఫ్ రూములో ఒక మూలన కూర్చుని ఉంటే, నా పాత నోటుపుస్తకం తెచ్చి చూపించాను. ఇద్దరం కలిసి ఆమె బ్యాంకుకు ఈమెయిల్ రాశాం. ఈ రోజుకు తొమ్మిదో రోజు, జవాబు కోసం ఎదురు చూస్తున్నాం.