జమ్మిచెట్టు దాచిన ఆయుధాలు

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

విజయదశమి సాయంత్రం ఈ శ్లోకాన్ని చీటీ మీద రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లూ గోత్రమూ చేర్చి జమ్మికొమ్మకు తగిలిస్తాం. ఏటా చెయ్యి దానంతటదే రాసేసేది. మొన్నటి దసరాకు మాత్రం 'అర్జునస్య ధనుర్ధారీ' దగ్గర కలం ఆగింది. అర్జునుడి విల్లు మోసిన తల్లి. ఏడాదిపాటు మోసింది, పరాయి చేతికి చిక్కకుండా.

మాది ఉదయగిరి వైపు పల్లె. మా నాయన మిలిటరీలో చేసొచ్చాడు, ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంది. మహర్నవమి నాడు కొడవలి, పలుగు, ట్రాక్టరు పక్కన దానికీ పసుపు కుంకుమ పడతాయి. పీట మీద పెట్టేముందు నాయన గొట్టం నేలవైపు ఉంచి, మడత విరిచి, తూటా కూర్చునే చోట వేలు పెట్టి చూస్తాడు. తర్వాత అమ్మను పిలిచి ఆమెకూ చూపిస్తాడు. తూటాలు పూజకు రావు. వాటి పెట్టె వేరు, తాళం వేరు. చిన్నప్పుడు మాకిదంతా చాదస్తం.

ఈసారి హారతి అవగానే ఎనిమిదేళ్ళ మా మేనల్లుడు తుపాకి ఎత్తి చెల్లెలి వైపు గురిపెట్టాడు. అందరం నవ్వాం. "ఖాళీదేగా" అంటూ ఫోటోకి ఫోను తీసింది నేనే. నాయన కేకలెయ్యలేదు. వెనకనించి వచ్చి గొట్టం కిందికి వంచి, తుపాకి తీసుకుని, లోపల పెట్టి తాళం వేసొచ్చాడు. ఆ పూట పాయసం నాకు గొంతు దిగలేదు.

మర్నాడు జమ్మిచెట్టు కింద మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కథ ఎత్తుకున్నాడు. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన మా నెల్లూరివాడే కదా, ఆ గర్వం మా నాయనకు కాస్త ఎక్కువ. పాండవులు ముందుగా విళ్ళకు నారి విప్పారు. శ్మశానం పక్కన, జనం దగ్గరికి రాని చెట్టు చూసుకున్నారు. మూటగట్టి పైన కట్టి, శవమని పసులకాపర్లతో చెప్పారు. అజ్ఞాతవాసం బయటపడకూడదనే ఇదంతా, నిజమే. కానీ నారి విప్పడం చూడండి, తూటా తియ్యడం లాంటిదే కదా. ఇంకో మాట కూడా తిక్కన చెప్పాడు. తనకూ అర్జునుడికీ తప్ప ఆ ఆయుధాలు ఎవరికీ కనబడనివ్వద్దనీ, భీముడికి అసలే వద్దనీ ధర్మరాజు దేవతలకు మొక్కుకున్నాడట. సొంత తమ్ముడే, ప్రేమ లేకనా? కోపం వస్తే ఆగడని.

ఉత్తరుడి ఘట్టం వచ్చేసరికి పిల్లాడు నాయన మోకాలి మీదికి ఎక్కేశాడు. మూట విప్పగానే ఆ మెరుపులకి రాజకుమారుడు బెదిరిపోతాడు. ఇవెవరివని అడుగుతాడు. ఏ విల్లు ఎవరిదో అర్జునుడు ఒక్కొక్కటే ఓపిగ్గా చెబుతాడు.

"నాకెప్పుడిస్తావు తాతా?"

"ఇరవయ్యొకటి నిండాలి, గవర్నమెంటోళ్ళు లైసెన్సు ఇయ్యాలి. అందాకా మనింట్లో అయినా, నీ స్నేహితుడింట్లో అయినా, బొమ్మదనిపించినా సరే, తుపాకి కంటబడితే ముట్టుకోబాక. అక్కణ్ణించి వచ్చేసి పెద్దోళ్ళకు చెప్పు. ఏందబ్బయా?"

వాడు ఆ మాటలు తిరిగి అప్పజెప్పాడు. జేబులో జమ్మాకు తడుముకుంటూ ఇంటిదారి పట్టాక మళ్ళీ మొదలెట్టాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గర."

"మామ అడిగితే ఇస్తావా?"

నాయన నా వైపు ఓ చూపు చూశాడు.

"భీముడికి ఇయ్యను."