రామప్ప కట్ట మీద ఒక పూట

హనుమకొండలో బస్సు ఎక్కే ముందు ఇరవై రూపాయలు పెట్టి నీళ్ల సీసా కొన్నాను. పాలంపేటలో దిగేసరికి సగం అయిపోయింది.

రామప్ప గుడి 1213 నాటిది, రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. గుడి చూసుకుని చెరువు కట్ట మీదికి వెళ్లాను. గుట్టల నడుమ కట్ట వేసి వాన నీటిని ఆపిన ఆ పనితనం ముందు నాకు శిల్పాలు కూడా చిన్నవిగానే కనిపించాయి.

తూము దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తాతల నాటి నుంచి చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరటి పని వాళ్లదేనట. అరచేతుల్లో పార కాడ ఒరిసిన చోట చర్మం నల్లగా గట్టిపడి ఉంది. యాసంగికి నీళ్లు తక్కువైన ఏడాది రైతులంతా కూర్చుని తైబందీ చేసుకునేవారనీ, ఎవరెంత నాటు వేయాలో అక్కడే తేలేదనీ చెప్పాడు. నీరటికి కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. నీళ్లకు మాత్రం ధర లేదు.

బొలీవియాలోని కొచబాంబా నగరం సంగతి ఆయనకు చెప్పాను. అప్పులిచ్చే ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో అక్కడి ప్రభుత్వం 1999లో ఆ ఊరి నీటి సరఫరాను బెక్టెల్ అనే అమెరికా కంపెనీకి వాటా ఉన్న సంస్థకు 40 ఏళ్లకు రాసిచ్చింది. జనం సొంత డబ్బుతో తవ్వుకున్న బావులు కూడా ఆ ఒప్పందం కిందికి వచ్చే పరిస్థితి. కొందరి నీటి బిల్లు రెట్టింపయింది.

"ఆ దేశంలో సర్కారు లేదా బిడ్డా?" అన్నాడాయన.

"ఉంది తాతా. సంతకం పెట్టింది అదే."

2000 ఏప్రిల్‌లో జనం రోడ్ల మీదికి వచ్చి, ఒక కుర్రవాడి ప్రాణం పోయాక ఒప్పందం రద్దయింది. అంతటితో ఆగలేదు. లాభం పోయిందంటూ ఆ సంస్థ బీద దేశం మీదే 2.5 కోట్ల డాలర్లకు దావా వేసింది. ప్రపంచమంతా దుమ్మెత్తిపోశాక, 2006లో నామమాత్రంగా రెండు బొలీవియానోలు తీసుకుని వదిలేసింది. తన ఊరి నీళ్లు తాను వెనక్కి తీసుకున్నందుకు ఒక ప్రభుత్వం బోనెక్కాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అంత దూరం ఎందుకు, కేరళ చూడండి. ప్లాచిమడలో కోకాకోలా కర్మాగారం వచ్చాక బావులు అడుగంటాయనీ, మిగిలిన నీళ్లు నోట పెట్టలేకపోయామనీ ఆదివాసీ ఆడవాళ్లు ధర్నాకు కూర్చున్నారు. 2004లో అది మూతపడింది. 216 కోట్ల రూపాయల నష్టం జరిగిందని రాష్ట్రం వేసిన కమిటీయే లెక్క తేల్చింది. పరిహారం కోసం 2011లో శాసనసభ బిల్లు కూడా ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఒక శాసనసభ మొత్తం ఒక్క మాట మీద నిలబడినా చేతులు కట్టేసినట్టే అయింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతిలోని సీసా తీసుకుని తిప్పి చూశాడు. "ఇది ఏ చెరువు నీళ్లు?"

చీటీ మీద కంపెనీ పేరుంది, ధర ఉంది. చెరువు పేరు లేదు.

ఆయన సీసా నాకిచ్చేసి, పార భుజాన వేసుకుని కాలువ వెంట దిగాడు. దిగువ మడికి ఇంకా నీళ్లు అందలేదట.