పాత డెస్క్‌టాప్ రిపేర్: స్లో అవడం వేరు, ఆగిపోవడం వేరు

మెషిన్ వివరాలు ముందు చెప్పేస్తా. మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు అక్క వాళ్లింట్లో ఉంటుంది, అక్క కొడుకు ఎప్‌సెట్ మాక్ టెస్టులు రాసేది దీని మీదే. ఆన్ చేసి బ్రౌజర్ తెరిచేసరికే చాలాసేపు పడుతోంది, తెరిచాక ఎప్పుడో ఒకప్పుడు మొత్తం బిగుసుకుపోతోంది, టెస్టు మధ్యలో అలా జరిగితే పిల్లాడికి ఒకటే టెన్షన్. చూసినవాళ్లందరూ ఫార్మాట్ కొట్టేయ్ అన్నారు. నాకది నచ్చలేదు. పోయింది పార్టు అయితే ఫార్మాట్ తర్వాత కూడా అదే గోల, పైగా బావ తీసిన పాత ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

అందుకే ముందు ఏదీ ముట్టుకోకుండా గమనించడం మొదలుపెట్టాం. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏం నడుస్తోంది, నమ్ లాక్ నొక్కితే కీబోర్డు లైటు మారుతోందా లేదా, ఇవన్నీ నోటుబుక్కులో రాయమని అల్లుడికి చెప్పాను. ఆ నమ్ లాక్ లైటు చాలా పనికొస్తుంది. స్క్రీన్ కదలకపోయినా లైటు మారుతుంటే సిస్టమ్ ఇంకా నడుస్తోంది, దేనికోసమో ఎదురుచూస్తోంది అని అర్థం. లైటు కూడా మారకపోతే చాలావరకు మొత్తం ఆగిపోయినట్టే. వాడు శ్రద్ధగా రాశాడు, చదివితే రెండు రకాలు స్పష్టంగా విడిపోయాయి: కాసేపు ఓపిక పడితే తేరుకునేవి కొన్ని, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప లేవనివి కొన్ని. ఇవి రెండు వేర్వేరు జబ్బులు అనుకుని విడివిడిగా పట్టుకోవాలని డిసైడ్ అయ్యాను.

స్లో సంగతి తొందరగానే తేలింది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పది శాతం కూడా లేదు, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేస్తే పసుపు రంగులో కాషన్ చూపించింది, సీ5 అనే వరుసలో, అంటే చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గడుల) లెక్కలో, సున్నా లేదు. ఒక చిన్న విషయం, ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఉంటాయి, సెట్టింగుల్లో మామూలు డెసిమల్‌కి మార్చుకుని చదవాలి. సీ7 పెరుగుతుంటే మాత్రం ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి, ఎందుకంటే అది డిస్కుకి, బోర్డుకి మధ్య దారిలో వచ్చే తప్పుల లెక్క. మా దాంట్లో అది సున్నానే.

ఇలాంటి డిస్క్ మీద విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికే టూల్) నడపమని చాలామంది చెప్తారు. దయచేసి ముందు ఫొటోలు బయటికి తీయండి, ఆ తర్వాతే ఏదైనా. /r పెట్టి నడిపితే చెక్‌డిస్క్ మొత్తం ఉపరితలాన్ని గంటల తరబడి చదివిస్తుంది, పోవడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ ఆ పనిలోనే పోవచ్చు. నేను డిస్క్ విప్పేసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి కాపీ చేశాను, ఎందుకంటే అప్పటికి ఆ మెషిన్ ర్యామ్ మీద కూడా నాకు అనుమానం ఉంది, చెడిపోయిన ర్యామ్ గుండా కాపీ చేస్తే ఫైళ్లే పాడయ్యే ప్రమాదం. డెస్క్‌టాప్ పెద్ద డిస్కుకి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఒక్కటే సరిపోదు, విడిగా పవర్ అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ-సాటా కేబుల్ తీసుకోవాలి. కొన్ని వీడియోలు పోయాయి, ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. అక్క ముఖం చూస్తే మిగతా పనంతా ఊరికే చేయొచ్చు అనిపించింది.

ఆగిపోవడానికి మొదటి అనుమానం వేడి. లారీలు తిరిగే రోడ్డు, కిటికీ పక్కనే క్యాబినెట్, లోపల ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము గడ్డకట్టి ఉంది, ఫ్యాన్‌ని పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది. ప్రాసెసర్‌కి, హీట్ సింక్‌కి మధ్య ఎండిపోయిన పాత థర్మల్ పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది శనగ గింజంత మధ్యలో పెట్టి, పిన్నులు ఎదురెదురు మూలల్లో నొక్కి బిగించాను. అంతకుముందు లోడ్ మీద 95 దాటుతున్న ఉష్ణోగ్రత 70 లోపలే ఉండిపోయింది.

అయినా ఆగిపోవడం ఆగలేదు. విండోస్ తప్పులు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తుంది, చాలామంది దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) మార్చేస్తారు, కానీ అది చెప్పేది పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే, కారణం కాదు. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ రాత్రంతా నడిపితే తప్పులు చూపించే ఎర్ర వరుసలు వచ్చాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ బాగున్నట్టు కాదు. తర్వాత ఒక్కో స్టిక్ విడిగా పెట్టి, స్లాట్లు మార్చి మళ్లీ నడిపాను. తప్పు స్టిక్‌తో పాటు కదిలితే స్టిక్ పోయినట్టు, స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డు మీద అనుమానం. మా దాంట్లో స్టిక్‌తోనే కదిలింది, రబ్బరుతో కాంటాక్టులు తుడిచినా మారలేదు. ఆ స్టిక్ తీసేశాక ఇప్పటిదాకా ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు.

డిస్క్ స్థానంలో 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ వేశాను. హెచ్61 బోర్డులో సాటా దారి సెకనుకి 3 గిగాబిట్ల వేగానికే పరిమితం, కాబట్టి ఖరీదైనది కొన్నా ఆ పైవేగం అందదు. అసలు లాభం వేరే చోట ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే పడుతుంది, విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లకి ఆ ఎదురుచూపులన్నీ కలుస్తాయి, ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. జబ్బు డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేయకుండా కొత్తగానే ఇన్‌స్టాల్ చేశాను. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఈ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, అందుకని 2029 దాకా అప్‌డేట్లు వచ్చే, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 22 వేశాను. మాక్ టెస్టులు బ్రౌజర్‌లోనే కాబట్టి అల్లుడికి ఇబ్బంది లేదు.

మిగిలినవి: ఇప్పుడు 4 జీబీతోనే నడుస్తోంది, బ్రౌజర్‌లో ట్యాబులు ఎక్కువైతే తెలిసిపోతోంది. బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది, గడియారం సెంటర్ దగ్గర షాపుల్లో ల్యాప్‌టాప్ ర్యామే దొరికింది, అది పొట్టిగా ఉంటుంది, ఇందులో పట్టదు. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినప్పుడు డెస్క్‌టాప్ డీడీఆర్3 8 జీబీ వెతకాలి, తెచ్చాక దాన్ని కూడా రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో పెట్టాకే అల్లుడికి ఇస్తా. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే, అప్పుడు మధ్యాహ్నం పూట ఫుల్ లోడ్ మీద ఉష్ణోగ్రత మళ్లీ రాసుకోవాలి.