పార్క్‌లోంచి కదలని గేర్ లివర్: నా అనుభవం

మా అమ్మకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగిన మర్నాడు, కట్టు విప్పించుకోవడానికి ఉదయం ఎనిమిది గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఏడుకు పది నిమిషాలుండగా ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, తాళంచెవి తిప్పాను. ఇంజిన్ ఎప్పటిలాగే ఒక్కసారికే అందుకుంది. బ్రేకు తొక్కి, గేర్ లివర్ పక్కనున్న బటన్ నొక్కి, డ్రైవ్‌లోకి లాగబోయాను. బటన్ లోపలికి దిగలేదు. బండి నిలిపి ఉంచే స్థానమైన పార్క్‌లోనే లివర్ పాతినట్టు నిలబడి ఉంది.

మా కారు ఏడేళ్ల కిందట కొన్న పెట్రోలు ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు అందించేది. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఏఎంటీ కార్లలో (మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు వాటంతటవే పనిచేసే ఏర్పాటు పెట్టినవి) చాలావాటికి పార్క్ అనే స్థానమే ఉండదు కాబట్టి వారికి ఈ ఇబ్బంది ఎదురుకాదు. పార్క్ ఉన్న ఆటోమేటిక్ నడిపేవారికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకావచ్చు. అందుకే ఆ ఉదయం ఏది చూశానో, ఏది ఎందుకు కాదనుకున్నానో వరుసగా రాస్తున్నాను.

మొదట చేసిన పని తప్పు పని. రెండుసార్లు బలం కొద్దీ లాగాను. వెనకనుంచి అమ్మ "అలా మొండిగా లాగకమ్మా, విరిగిపోతుంది" అన్నది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత అర్థమైంది. లివర్‌ను పార్క్‌లో పట్టి ఉంచే తాళం ముక్క, దాని చుట్టూ ఉండే అమరిక చాలా కార్లలో ప్లాస్టిక్‌వే. బలం చూపిస్తే తాళం ఊడదు సరికదా, అది కూర్చున్న గూడు చిట్లిపోతుంది, అప్పుడు వందల్లో తేలే పని వేలల్లోకి వెళుతుంది. చెయ్యి తీసేసి, ఇంజిన్ ఆపి, ఒక నిమిషం ఊరికే కూర్చున్నాను.

ఆ నిశ్శబ్దంలో ఒక సంగతి గుర్తుకొచ్చింది. రోజూ బ్రేకు తొక్కగానే లివర్ కిందనుంచి గోటితో టేబుల్ మీద కొట్టినంత చిన్నగా "టిక్" అని ఒక చప్పుడు వచ్చేది. ఏడేళ్లుగా వింటున్నా అదేమిటని ఎన్నడూ ఆలోచించలేదు. తాళంచెవిని మళ్లీ ఆన్ స్థానానికి తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బ్రేకు తొక్కి చెవి పెట్టి విన్నాను. చప్పుడు లేదు. వదిలి మళ్లీ తొక్కాను. లేదు. ఆ చప్పుడు లివర్ కింద ఉండే సోలెనాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతానిది. బ్రేకు తొక్కినట్టు కబురు అందగానే అది తాళాన్ని పక్కకు లాగుతుంది, అప్పుడే బటన్ దిగుతుంది. చప్పుడు రాలేదంటే సోలెనాయిడ్ చెడిపోయి ఉండాలి, లేదా దానికి కబురే అంది ఉండకూడదు.

విశాఖ గుట్టల ఊరు కాబట్టి మాకు బాగా తెలిసిన ఇంకొక కారణాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. పార్క్‌లో వేసినప్పుడు గేర్‌బాక్సు లోపల ఒక ఇనుప కొక్కెం పళ్ల చక్రంలో ఇరుక్కుని కారును ఆపుతుంది. వాలులో బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేయకుండా నేరుగా పార్క్‌లో పెట్టి కాలు తీస్తే, కారు బరువంతా ఆ వేలెడు కొక్కెం మీద పడి, తిరిగి తీసేటప్పుడు అది బిగుసుకుంటుంది. సింహాచలం కొండ మీద ఒకసారి మాకు ఇదే జరిగింది. ఇద్దరు మనుషులు కారును ఎగువకు కొద్దిగా నెట్టి పట్టుకుంటే, నేను బ్రేకు మీద కాలుంచి లివర్ లాగాను, "ఠక్" మని ఊడివచ్చింది. అయితే అలా బిగుసుకున్నప్పుడు బటన్ మామూలుగానే దిగుతుంది, లివరే బరువుగా ఉంటుంది. ఈసారి బటనే దిగడం లేదు, పైగా మా సెల్లార్ నేల చదును. కనుక కొక్కెం సంగతి పక్కన పెట్టాను. ఇంజిన్ చురుగ్గా అందుకుంది కాబట్టి బ్యాటరీని కూడా అనుమానించలేదు; బ్యాటరీ నీరసించి ఉంటే స్టార్టర్ ముందే మూలిగేది.

ఇక చూడవలసింది బ్రేక్ లైట్లు. మా సెల్లార్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటిగా నిలుపుకుంటాం. మా వెనకాల పక్క ఫ్లాటు వారి తెల్లకారు ఉంటుంది. ఉదయం నేను బ్రేకు తొక్కితే ఆ తెల్ల బానెట్ మీద ఎర్రటి వెలుగు పడటం అద్దంలో కనిపించేది. ఇప్పుడు బానెట్ తెల్లగానే ఉంది. వాచ్‌మన్‌ను పిలిచి వెనక నిలబడమని చెప్పి మూడుసార్లు తొక్కాను. "ఒక్కటీ వెలగట్లేదమ్మగారూ, పైన అద్దం దగ్గరిది కూడా లేదు" అన్నాడు. నాకు సగం భారం దిగింది. మూడు బల్బులు ఒకే రాత్రి మాడిపోవు. మూడూ కలిసి ఆరిపోయాయంటే లోపం వాటికి కరెంటు పంపే దారిలో ఉన్నట్టే. బ్రేక్ లైట్లను వెలిగించే స్విచ్చే గేర్ తాళానికీ కబురు పంపుతుంది కాబట్టి, లివర్ దగ్గర కాదు, పెడల్ దగ్గర వెతకాలని తేలింది. ఆ లైట్లు గనుక వెలిగి ఉంటే నా వెతుకులాట లివర్ కిందికి, సోలెనాయిడ్ వైపుకు మళ్లేది. కారు దిగకుండానే అద్దంలో చూసి తేల్చుకోగలిగిన ఈ ఒక్క పరీక్షను నేను ముందే చేసి ఉంటే పావుగంట మిగిలేది.

బ్రేకు తొక్కితేనే గేరు కదలాలన్న ఈ కట్టడి ఎందుకో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఉదయం దాన్ని తిట్టుకున్నదాన్ని నేనే. అమెరికాలో 2008లో సంతకమైన పిల్లల రవాణా భద్రతా చట్టం, 2010 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లలో పార్క్ నుంచి లివర్ కదలాలంటే బ్రేకు తొక్కి తీరాలని నిర్దేశించింది. అంతకు చాలా ముందే చాలామంది తయారీదారులు ఈ తాళాన్ని పెడుతూ వచ్చారు. కిందటి వేసవిలో నేను కూరగాయల సంచులు దించుతూ తాళంచెవి అలాగే వదిలేసిన నిమిషంలో, మా నాలుగేళ్ల పాప డ్రైవర్ సీట్లోకి ఎక్కి రెండు చేతులతో ఈ లివర్‌నే లాగింది. దాని కాళ్లు పెడల్‌కు అందవు. లివర్ కదలలేదు. ఆ దృశ్యం గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

తర్వాత ఫ్యూజు. బానెట్ కింద ఉన్న ఫ్యూజు పెట్టె మూత లోపలివైపు పటం చూస్తే, మా కారులో హారన్‌కూ బ్రేక్ లైట్లకూ కలిపి ఒకటే ఫ్యూజు అని ఉంది. అన్ని కార్లలో ఇలా ఉండదు, ఎవరి పటం వారు చూసుకోవాలి. మాకు మాత్రం ఇది కలిసివచ్చింది. ఫ్యూజు పీకే పని లేకుండా హారన్ మీద ఒక్కసారి వేలు పెట్టాను. సెల్లార్ అంతా మారుమోగింది. హారన్ మోగిందంటే ఫ్యూజు బాగానే ఉంది, అక్కడిదాకా కరెంటు వస్తోంది. మిగిలింది పెడల్ పైన ఉండే స్విచ్, దాని వైర్లు.

సమయం ఏడుంపావు అయింది. పక్క ఫ్లాటు ఆయన డ్యూటీకి బయలుదేరి వచ్చి, మా కారు అడ్డు కదలక నిలబడి ఉన్నారు. కారును కనీసం పక్కకు జరపాలి. గ్లవ్ బాక్సులోని యజమాని పుస్తకం తీసి ఆ పేజీ వెతికాను. లివర్ పక్కన వేలి గోరంత మూత ఒకటి ఉంటుందని, దాని కింద అత్యవసరంగా తాళం విడిపించే రంధ్రం ఉందని అందులో ఉంది. పుస్తకంలో చెప్పిన వరుసలోనే చేశాను. ముందు ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు చివరిదాకా లాగి, తాళంచెవి బయటికి తీశాను. సన్న స్క్రూ డ్రైవర్ కొసకు చేతిరుమాలు చుట్టి, గీతలు పడకుండా మూత లేపాను. బ్రేకు మీద కాలుంచి, ఆ రంధ్రంలో తాళంచెవిని నిలువుగా దించి అదిమి పట్టి, రెండో చేత్తో బటన్ నొక్కి లివర్ వెనక్కి లాగాను. ఈసారి బటన్ మెత్తగా దిగింది, లివర్ న్యూట్రల్‌లోకి వచ్చింది. తాళంచెవిని మళ్లీ ఇగ్నిషన్‌లో పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేశాను. న్యూట్రల్‌లో కూడా అది స్టార్ట్ అవుతుంది. నాలుగు గజాలు ముందుకు తీసి పక్కగా నిలిపాను. ఆయన కారు వెళ్లిపోయింది.

కారు కదిలింది కదా, ఇక ఆసుపత్రికి పోదామని అమ్మ అన్నది. నేను ఒప్పుకోలేదు. బ్రేకులు పనిచేస్తున్నాయి, అవి ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి, వాటికీ ఈ స్విచ్‌కూ సంబంధం లేదు. కానీ నేను ఆగుతున్నానని వెనకవాడికి చెప్పే దీపం లేదు. ఆసుపత్రికి వెళ్లాలంటే హైవే ఎక్కాలి, లారీలు వెనకే వస్తుంటాయి, కట్టుకున్న కంటితో అమ్మ వెనక సీట్లో ఉంటుంది. ఆ రంధ్రం బండిని అడ్డు తీయడానికే గాని ఊరు తిరగడానికి కాదని నా గట్టి నమ్మకం. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. ఎనిమిదిన్నరకు కట్టు విప్పారు, కన్ను బాగుందన్నారు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. బ్రేక్ లైట్లు వెలగడం లేదని, హారన్ మోగుతోందని నేను చెబుతుండగానే అవతలి వ్యక్తి, బండిని టోయింగ్‌లో పంపమని, గేర్ లివర్ అసెంబ్లీ మొత్తం మార్చవలసి రావచ్చని చెప్పాడు. బండిని చూడకుండా, చెప్పింది వినకుండా ఇచ్చిన ఆ సమాధానం నాకు చాలా బాధ కలిగించింది. నేను ఆ అరగంట సెల్లార్‌లో గడపకపోయి ఉంటే, బహుశా సరేననే దాన్ని.

సాయంత్రం ఆటోనగర్ నుంచి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. డ్రైవర్ సీటు వెనక్కి జరిపి, పెడల్స్ కింద వెల్లకిలా పడుకుని, సెల్‌ఫోన్ టార్చ్ పళ్ల మధ్య పట్టుకున్నాడు. పెడల్ కాడ పైభాగాన చిటికెన వేలంత స్విచ్ ఉంది. పెడల్ వదిలి ఉన్నప్పుడు కాడ వచ్చి స్విచ్ మొనను లోపలికి నొక్కి ఉంచుతుంది. తొక్కితే కాడ దూరం జరిగి, మొన స్ప్రింగుతో బయటికి వచ్చి, లోపల కరెంటు కలుస్తుంది. అతను ముందుగా టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. ఒక వైపు వైరులో దీపం వెలిగింది, అంటే కరెంటు వస్తోంది. నన్ను బ్రేకు తొక్కమన్నాడు. రెండో వైరులో దీపం వెలగలేదు. అప్పుడు సాకెట్ పీకి, ఆ రెండు కొసలనూ ఒక చిన్న వైరు ముక్కతో కలిపాడు. వెంటనే వెనకగోడ ఎర్రబడింది, లివర్ కిందనుంచి ఆ "టిక్" వినిపించింది. ఉదయం నుంచి నేను ఎదురు చూసిన చప్పుడు అది. ఈ కలిపే పని మాత్రం వైర్లు తెలియనివారు చేయకూడదు. కొన్ని కార్లలో ఈ స్విచ్‌కు నాలుగు వైర్లుంటాయి, తప్పు జతను కలిపితే ఫ్యూజు పోతుంది, ఇంకా పెద్ద నష్టమే జరగవచ్చు.

పాత స్విచ్‌ను అతను నా ముందే చాకుతో విప్పాడు. లోపల రెండు రాగి నాలుకలు, మినప్పప్పు బద్దంత బొడిపెలతో. ఒక బొడిపె నల్లగా మాడి గుంటపడి ఉంది, రెండోదాని అంచున ఆకుపచ్చటి చిలుము. "సముద్రం గాలమ్మా, మన ఊళ్లో ఇవి తొందరగా పోతాయి" అన్నాడు. రెండు వారాలుగా లివర్ ఒక్కోసారి రెండోసారి బ్రేకు తొక్కితే గాని కదలకపోవడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా తొందర వల్ల జరుగుతోందనుకున్నాను. ఆ రెండు వారాలూ అప్పుడప్పుడూ నా వెనక దీపాలు వెలగకుండానే నేను పాపను స్కూలుకు తీసుకెళ్లి ఉంటానన్న ఆలోచన నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఇంకొకటి కూడా చూపించాడు. పెడల్ కాడకు, స్విచ్ మొన ఆనే చోట, చొక్కా గుండీ అంత బిళ్ల ఒకటి ఉంటుంది. రెండు వేళ్లతో నొక్కగానే అది అప్పడంలా పొడి అయింది. అది రాలిపోతే మొన కాస్తా కాడకున్న రంధ్రంలోకి దూరిపోయి, కాలు తీసినా బ్రేక్ లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయట, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుందట. దాన్నీ మార్పించాను. కొత్త స్విచ్ బిగించి, పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మొన మొత్తం లోపలికి పోయేలా, అయినా స్విచ్ ఒళ్లు కాడను తోయకుండా సందు సరిచేశాడు. స్విచ్ 480, బిళ్ల 30, కూలి 300, మొత్తం 810 రూపాయలు అయింది. పావుగంట పని.

మర్నాడు ఉదయం పక్క ఫ్లాటు ఆయన సెల్లార్‌లో కనిపించి ఏమైందని అడిగారు. వారిదీ ఆటోమేటిక్కే, మాకన్నా రెండేళ్లు పాతది. నేను మా పాత బిళ్ల ముక్కలు చూపిస్తే, ఆయన అప్పటికప్పుడు టార్చ్ పట్టుకుని తమ పెడల్ కిందికి వంగారు. బిళ్ల ఇంకా ఊడలేదు గాని, నడిమధ్యకు అడ్డంగా పగిలి ఉంది. ఎలక్ట్రీషియన్ నంబరు రాసి ఇచ్చాను. తర్వాత నేను కారెక్కి బ్రేకు తొక్కి అద్దంలోకి చూశాను. ఆయన తెల్ల బానెట్ ఎర్రబడింది.