పెడనలో మసిగుడ్డలకు అద్దకం వేయించాను: నా అనుభవం

మన వంటిళ్ళలో వేడి గిన్నె దించే మసిగుడ్డ అంటే పాత చీర ముక్కో, చిరిగిన తువ్వాలో. రోజంతా చేతిలో ఉండే ఆ గుడ్డకి మాత్రం అందం ఎందుకు ఉండకూడదు, మన నేల మీద పుట్టిన మొక్కల బొమ్మలతో, మన అద్దకంతో చేయిస్తే ఎలా ఉంటుంది అని చాలాకాలంగా ఆలోచన. అందుకే మచిలీపట్నం పక్కనున్న పెడన వెళ్ళాను. కలంకారీ అచ్చుల పనికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ముందు మొక్కలు ఎంచుకోవాలి. వంటిల్లు అనగానే అందరూ మిరపకాయ వేయించమన్నారు, కానీ అది పోర్చుగీసువాళ్ళతో వచ్చిన పంట, నాకు ఇక్కడివే కావాలి. చివరికి కరివేపాకు రెమ్మ, తంగేడు పువ్వు, అంచుకి నల్లేరు అనుకున్నాను. నల్లేరు ఎందుకంటే మా ఇంట్లో దాంతో పచ్చడి చేస్తారు, పైగా దాని కాడ కణుపులు కణుపులుగా ఉంటుంది కాబట్టి అచ్చు పక్కన అచ్చు వేసుకుంటూ పోతే అతుకు సరిగ్గా కణుపు దగ్గర పడుతుంది, కంటికి తెలియదు. ఈ సంగతి అచ్చులు చెక్కే ఆయన కాగితం చూడగానే పట్టేశారు. కరివేపాకు దగ్గర మాత్రం ఆగారు. "ఇంత సన్న ఈనెలు టేకులో నిలవవమ్మా, నాలుగు రోజులకే విరుగుతాయి, కాస్త లావు చేద్దాం" అన్నారు. సరే అన్నాను. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే రంగుకు ఇంకో అచ్చు, అన్నీ టేకు చెక్కే.

గుడ్డకి ముతక నేత నూలే తీసుకున్నాను, నీళ్ళు పీల్చాలి కదా. గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండేస్తారు. కరక్కాయలోని వగరే రంగుని పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. ఆ దశలో గుడ్డ లేత పసుపుగా ఉంటుంది, వాసన మాత్రం గట్టిగానే వస్తుంది.

నలుపుకి కసిం వాడతారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే ద్రావణం అది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అచ్చు పడగానే నల్లబడుతుంది, ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. ఎరుపు అలా కాదు. అక్కడ అద్దేది ఉత్త పటిక, బంక. ఎర్రరంగు తర్వాత ఉడుకులోనే వస్తుంది.

నాకు అసలు టెన్షన్ పెట్టింది ఈ నలుపే. చీర మీద బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వంటింట్లో నిమ్మకాయ, చింతపండు పులుసు ఎప్పుడూ ఉంటాయి. నమూనా ముక్క మీద నిమ్మరసం పిండి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఆ చోట నలుపు పాలిపోయింది, ఎరుపు మాత్రం కదల్లేదు. ఇనుముతో వచ్చే నలుపుకి పులుపు పడదు, అంతే. అద్దకం వేసే ఆయనకి ఆ ముక్క చూపించి, "బాబాయ్, ఆకులు, కాడలు అన్నీ ఎరుపులో వేద్దాం, నలుపు సన్నగీతలకే" అంటే ఆయన కాసేపు ఆలోచించి, ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు, అయినా బాగానే ఉంటుంది అన్నారు. నిజంగానే బాగుంది. ఎర్ర కరివేపాకు ఏమిటి అని ఇంట్లో అడిగారు, అడగనివ్వండి.

అద్దిన గుడ్డని కొన్ని రోజులు ఆరనిచ్చి పారే నీళ్ళలో ఉతుకుతారు. నిలవ నీళ్ళు పనికిరావు, వదిలిన పటిక మళ్ళీ గుడ్డకే అంటుకుని తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎర్రబడుతుంది. తర్వాత పెద్ద రాగి కాగులో, ఎర్రరంగు కలిపిన నీళ్ళలో, కట్టెల మంట మీద ఉడుకు. పటిక ఉన్న చోటల్లా మెల్లగా ఎరుపు తేలుతుంటే నేను పొగలోనే నిలబడిపోయాను. తంగేడు రేకలకి దానిమ్మ తొక్క, పటికతో పసుపు వేయించాను. తంగేడు పువ్వుతోనే రంగు తీద్దామనుకున్నాం కానీ రోజూ ఉతికే గుడ్డకి అది ఆగదన్నారు.

ఇప్పుడు అవి నా వంటింట్లో రోజూ వాడుకలో ఉన్నాయి. కొత్తలో బంక మిగిలి ఉంటే నీళ్ళు పీల్చవు, అందుకే రెండు మూడుసార్లు ఉతికాకే వాడండి. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడకండి, కాసేపు ఎండలో పెడితే మరక చాలావరకు పోతుంది. అలాగని రోజంతా ఎండలో వదిలేయొద్దు, మిగతా రంగులూ వెలుస్తాయి. బ్లీచింగ్ జోలికి అసలు వెళ్ళొద్దు. ఎవరైనా చేయించుకోవాలనుకుంటే వానాకాలం మాత్రం వద్దు, గుడ్డ ఆరక ప్రతి దశా ఆలస్యమవుతుంది.